ఎడమవైపు కింద మిషనమ్మ సంతకం

సూర్యుడూ చంద్రుడూ పగలు నీది, రాత్రి నాది అని వంతులు పంచుకున్న రోజున ఆ ఒప్పందం టైపు చేసింది మా అమ్మమ్మే. మూడు ప్రతులు తీసి, ఒకటి సూర్యుడికి, ఒకటి చంద్రుడికి ఇచ్చి, మూడోది ఆఫీసులో దాఖలు చేసింది. నెలకొకసారి చంద్రుడికి సెలవు ఉండాలన్న షరతు కూడా ఆవిడ గుర్తుచేస్తేనే చేరింది. నమ్మనివాళ్ళు ఆ కాగితం తీయించి చూసుకోవచ్చు. ఎడమవైపు కింద, సాక్షి అన్న చోట, ఆవిడ సంతకం ఉంటుంది.

సరే, అంత పాతకాలం మనిషి కాదు. అరవై ఏడేళ్ళు. అందులో నలభై ఒకటి కంపెనీల రిజిస్ట్రేషను ఆఫీసు మెట్ల కిందే గడిచాయి, టైపు మిషను ముందు. అందుకే అందరూ మిషనమ్మ అంటారు. ఆవిడ అసలు పేరు తాతయ్యకు కూడా ఒక్కోసారి గుర్తు రాదు. ఆస్పత్రిలో చీటీ రాసేవాడు పేషెంటు పేరేంటని అడిగితే, తాతయ్య కాసేపు ఆలోచించి, "మిషనమ్మ అని రాసుకో బాబూ, తర్వాత దిద్దిస్తాను" అన్నాడట. ఇంతవరకూ దిద్దించలేదు.

ఆ మెట్ల కింది చోటు మూడు మూలల చోటు. లోపలికి వెళ్ళేకొద్దీ పైకప్పు తల మీదికి దిగుతుంది. ఎత్తుగా ఉన్నవైపు జెరాక్సమ్మ, ఆవిడ జెరాక్సు మిషను. మధ్యలో రెండువేళ్ళాయన. ఆయనా టైపిస్టే, కానీ ముప్ఫై ఏళ్ళయినా మిగిలిన ఎనిమిది వేళ్ళకు పని నేర్పలేదు. అన్నిటికంటే లోపల, లేచి నిలబడితే నెత్తి తగిలే చోట మా అమ్మమ్మ. పైన మెట్లెక్కి దిగేవాళ్ళ కాళ్ళ చప్పుడు సరిగ్గా ఆవిడ తల మీదే పడుతుంది. ఆ చప్పుడు వింటూ, మిషను మీంచి కళ్ళెత్తకుండానే చెప్పేది: "పాపం, వీడికి కొర్రీ పడింది." కాగితంలో తప్పు పట్టి వెనక్కి పంపడాన్ని ఆ ఆఫీసులో కొర్రీ అంటారు. కొర్రీ పడ్డ మనిషి దిగేటప్పుడు మెట్టుమెట్టుకీ ఆగుతాడట. పని అయినవాడు ఆగడు.

కంపెనీ పెట్టాలని వచ్చినవాళ్ళను ఆవిడ ముందు కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు అడిగేది. పేరేంటి? ఏం చేస్తారు? ఎక్కడ ఉంటారు? మీలో మీకు చెడితే ఎవరి మాట చెల్లుతుంది? మొదటి మూడింటికి అందరూ గబగబా చెప్పేస్తారు. నాలుగోదానికి ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుతారు. "మాకు గొడవలేంటండీ, మేం అన్నదమ్ముల్లా ఉంటాం" అంటారు.

"అన్నదమ్ములకే ఎక్కువ టైపు చేశానయ్యా," అనేది అమ్మమ్మ. "అదిగో ఆ రెండు కుర్చీల్లో కూర్చుని ఇప్పుడే పోట్లాడుకోండి. పోట్లాట అయ్యాక రండి, మిషను ఎక్కిస్తాను."

నిజంగానే పోట్లాడించేది. ఒకడు చచ్చిపోతే వాడి వాటా ఎవరికి, ఒకడు నెలల తరబడి మొహం చూపించకపోతే ఏం చేయాలి, ఇద్దరూ చెరో మాటా అంటే మూడో మాట ఎవరిది. ఒక్కో జంట అక్కడే లేచి చెరో దారీ పట్టేది. "పోన్లే, కాగితం మిగిలింది" అనుకునేది ఆవిడ. పోట్లాడాక కూడా కూర్చున్నవాళ్ళ కాగితాలు మాత్రమే టైపు చేసేది. మెమోరాండం అంటే కంపెనీ ఎందుకు పుట్టిందో వీధిలోవాళ్ళకు చెప్పే మాట. ఆర్టికల్స్ అంటే తలుపేసుకుని ఇంట్లో మాట్లాడుకునే మాట. ఈ రెండూ కాక పేరు ఖాయమైన చీటీ, డైరెక్టర్లుగా ఉంటామన్న ఒప్పుదల పత్రాలు, ఆఫీసు చోటు మాదేనన్న రుజువు. ఇవన్నీ వరసలో పెట్టి దారంతో కుట్టేది. చివరి పేజీలో టైపు చేసిన తమ పేరు పక్కన సభ్యులు ఒక్కొక్కరే తమ చేత్తో ఊరూ, వృత్తీ, ఎన్ని వాటాలో రాసి సంతకం పెడతారు. వాళ్ళు పెడుతుండగా చూసినవాళ్ళు ఎడమవైపు కింద సాక్షి సంతకం పెడతారు. చూసేది ఎప్పుడూ మా అమ్మమ్మే.

సాక్షి సంతకం దగ్గర ఆవిడ పట్టుదల ఆ ఆఫీసంతటికీ తెలుసు. పెన్ను కాగితానికి తగలడం తన కళ్ళతో చూడాలి. ఒకసారి ఒక పెద్దమనిషి వచ్చి, తమ్ముడు ఊళ్ళో లేడనీ, సంతకం తనే పెట్టించి తెచ్చాననీ, కింద ఒక్క సంతకం గీకితే చాలనీ అన్నాడు. "నేను చూళ్ళేదుగా బాబూ" అంది. ఆయన బతిమాలాడు, తర్వాత అరిచాడు, ఆ తర్వాత నువ్వెంత నీ మిషనెంత అన్నాడు. ఆవిడ మిషను మీద మూత పెట్టేసి క్యారియరు విప్పుకుంది. నాలుగు రోజులకు ఆ తమ్ముడు వెతుక్కుంటూ వచ్చి, తనకు తెలియకుండా ఇక్కడ కాగితాలేమైనా తయారయ్యాయా అని అడిగాడు. "నా దగ్గర కాలేదు" అని చెప్పి పంపించింది. ఈ సంగతి ఆవిడ చెప్పలేదు. చెప్పింది జెరాక్సమ్మ, చేతులు తిప్పుకుంటూ, ఆ పెద్దమనిషి గొంతు అనుకరిస్తూ.

ఇన్ని కంపెనీలను పుట్టించిన మనిషి పేరు ఒక్క కంపెనీలోనూ లేదు. ఆ ఊసు ఎవరైనా ఎత్తితే, "పురుడు పోసినవాళ్ళు బిడ్డనెత్తుకుని పోతారా ఏంటి?" అని కొట్టిపారేసేది.

అలాంటిది ఒకరోజు పొద్దున్న మెట్ల పక్క గోడ మీద నోటీసు అంటించారు. మెట్ల కింది చోటు ఇకమీదట ఒప్పందం రాయించుకునే ఇస్తారట. అదీ రిజిస్టరైన కంపెనీకే. విడి మనుషులకు ఇవ్వరు. నెలాఖరులోగా కంపెనీ కాగితాల మీద ముద్ర పడితే ఇప్పుడు కూర్చున్నవాళ్ళకే మొదటి హక్కు, లేకపోతే అడిగిన కంపెనీకి. ఎదురు వీధిలోని కంప్యూటర్ల సెంటరువాళ్ళు ఆ మధ్యాహ్నమే టేపు పట్టుకొచ్చి చోటు కొలిచి వెళ్ళారు. వాళ్ళ కంపెనీ కాగితాలు టైపు చేసిందీ మా అమ్మమ్మే. వాళ్ళు కొలుస్తుంటే టేపు రెండో కొస పట్టుకుందట కూడా. "పిల్లవాడికి చెయ్యి అందలేదు" అని దానికి సంజాయిషీ.

ఇంటికొచ్చాక మాత్రం అన్నం కెలుకుతూ కూర్చుంది. తాతయ్య గడియారాలు బాగుచేసే మనిషి. మాట కంటే చూపు ఎక్కువ. "ఏమైందోయ్?" అన్నాడు.

"ఏం కాలేదు. ఆ చోట్లోంచి లేస్తే నేను ఏ చోట్లో కూర్చోవాలో తెలీడం లేదు, అంతే."

మర్నాడు రెండువేళ్ళాయన తన కుర్చీ తెచ్చి ఆవిడ మిషను ముందు వేసుకున్నాడు, బేరానికొచ్చినవాడిలా.

"చెల్లెమ్మా, ఒక కంపెనీ పెట్టాలి. నువ్వూ, నేనూ, జెరాక్సమ్మా."

"ముందు పోట్లాడుకోవాలి అన్నయ్యా."

పోట్లాడుకున్నారు. రెండువేళ్ళాయన టీకి వెళ్తే గంటకు గానీ రాడని జెరాక్సమ్మ అంది. జెరాక్సమ్మ వచ్చినవాళ్ళతో కబుర్లు పెట్టుకుని నకలు వంకరగా తీస్తుందని ఆయన అన్నాడు. ఇద్దరూ కలిసి మా అమ్మమ్మ మీద పడి, నువ్వు ఎవర్నీ నీ మిషను ముట్టుకోనివ్వవు అన్నారు. దాని మీద ముప్పావుగంట నడిచింది. చివరికి ఆర్టికల్స్‌లో ఒక షరతు చేరింది: మిషనమ్మ పని చేయగలిగినన్నాళ్ళు ఆవిడ మిషనును ఎవరూ ఆ మూల నుంచి కదపకూడదు. అది చెప్పింది రెండువేళ్ళాయనే. "ఇదెందుకు అన్నయ్యా?" అంటూనే ఆవిడ దాన్ని అందరికంటే శుభ్రంగా, ఒక్క అక్షరం కొట్టేయకుండా టైపు చేసింది.

పేరు దగ్గర నాలుగు రోజులు పోయాయి. ఏ పేరు పంపినా ఇప్పటికే ఉందని పైనుంచి వెనక్కొచ్చేది. వెలుగు ఉంది, ప్రగతి ఉంది, నమ్మకం ఉంది, స్నేహం ఏకంగా మూడున్నాయి. అన్నీ ఆవిడ టైపు చేసినవే. "మంచివన్నీ ఊళ్ళోవాళ్ళకు పంచేశావు అక్కా, మనకు ఒకటి దాచుంచకపోయావా?" అంది జెరాక్సమ్మ. ఆఖరికి విసిగిపోయి "మెట్లకింద" అని రాసి పంపారు. అలాంటి పేరు ఎవరూ పెట్టుకోలేదు కాబట్టి వెంటనే ఖాయమైంది.

నెలాఖరుకు ముందురోజు సంతకాలు. ఆవిడే పేజీలు తిప్పుతూ, ఇక్కడ, ఇక్కడ, మళ్ళీ ఇక్కడ అని వేలు పెట్టి చూపించింది. రెండువేళ్ళాయన పెట్టాడు, జెరాక్సమ్మ పెట్టింది. వాళ్ళ చేతులు కాగితం మీద కదలడం ఎప్పటిలాగే తల వంచి, కళ్ళార్పకుండా చూసింది. తర్వాత తనూ పెట్టింది. మెమోరాండం మూడు ప్రతులు, ఆర్టికల్స్ మూడు ప్రతులు, ఆరు సంతకాలు. దారంతో కుట్టి, చుట్టూ చూసి, "అయిందర్రా" అంది. అక్కడున్నవాళ్ళెవరికీ ఏమీ తేడా కనిపించలేదు. కనిపించకపోవడానికి కారణం ఉంది. ఆవిడ సంతకం ఎప్పుడూ ఉండే చోటే ఉంది.

మర్నాడు, అంటే ఆఖరి రోజు, రెండున్నరకు మూడో నంబరు కిటికీ దగ్గర నిలబడింది. అక్కడ కూర్చునేది కొర్రీలాయన. ప్రతి వరస కింద స్కేలు పెట్టి చదివే మనిషి. చదువుతూ చదువుతూ చివరి పేజీ దగ్గర స్కేలు ఆపేశాడు.

"మిషనమ్మగారూ, ఇందులో మీరెక్కడ?"

"అదేంటి బాబూ, మొదటి పేరు నాదే."

"పేరుంది. సంతకం లేదు."

"ఉందే!"

"ఉంది. సాక్షి దగ్గరుంది."

ఆవిడ కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, పెట్టుకుని చూసింది. రెండో ప్రతి తిప్పింది. మూడోది తిప్పింది. ఆరింట్లోనూ సభ్యుల వరసలో తన పేరు పక్కన సంతకం చోటు ఖాళీ. ఎడమవైపు కింద, గుండ్రంగా, తీరుబడిగా తన సంతకం.

"సభ్యులు వేరు, సాక్షి వేరు కదండీ. ఒకే మనిషి రెండూ కాకూడదు," అన్నాడు కొర్రీలాయన. తర్వాత గొంతు తగ్గించి, "నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ మాట నాకు చెప్పిందే మీరు," అన్నాడు.

"ఇప్పుడేం చేయాలి?"

"రెండు దారులున్నాయి. మీ పేరు కొట్టేసి, పక్కన చిన్న సంతకం పెట్టండి. మిగిలినవాళ్ళు ఇద్దరున్నారు, చట్టానికి ఇద్దరు చాలు. ఇప్పుడే ముద్ర వేసేస్తాను. లేదంటే సంతకాల పేజీలు కొత్తగా టైపు చేసి, ముగ్గురూ మళ్ళీ రాసి, వేరే సాక్షిని పెట్టుకుని తీసుకురండి. నాలుగింటికి కిటికీ మూస్తాను. మీరని ఐదు నిమిషాలు ఎక్కువ ఉంచలేను."

"ఉంచమని నేనడుగుతానా బాబూ?"

కింద జెరాక్సమ్మ మిషను ఆపి చెవి పెట్టింది. పైన కాళ్ళ చప్పుడు మెట్టుమెట్టుకీ ఆగుతోంది. ఎవరో పాపం అనుకుంది. ఆ కాళ్ళు దిగి, వంగి, లోపలికొచ్చాయి.

"అక్కా! కొర్రీయా? నీకా?"

తాతయ్య రోజూ ఒంటిగంటకు క్యారియరు తెచ్చి, మూడున్నర దాకా అక్కడే స్టూలు మీద కూర్చుని ఎవరిదో ఒక గడియారం విప్పుకుంటాడు. ఆ రోజూ ఉన్నాడు. రెండువేళ్ళాయన మాత్రం లేడు. వారం నుంచి వేధిస్తున్న పన్ను పీకించుకోవడానికి వెళ్ళాడు.

అమ్మమ్మ జరిగింది చెప్పి, పెన్ను మూత తీసి, కాగితాలు ముందు పరుచుకుంది.

"ఏం చేస్తున్నావోయ్?" అన్నాడు తాతయ్య.

"నా పేరు కొట్టేస్తున్నా. జెరాక్సమ్మా, అన్నయ్యా ఉన్నారుగా, చాలు."

"ఆయన్ని అడగకుండానే?" అంది జెరాక్సమ్మ.

"ఆయన ఎప్పుడొస్తాడే? ఈలోగా చోటు పోతే? పేరుంటే ఏంటి, లేకపోతే ఏంటి? ఇన్నాళ్ళూ పేరుండి కూర్చున్నానా?"

"సంతకం లేనివాడికి కుర్చీ లేదని ఊరందరికీ చెప్పింది నువ్వేగా," అన్నాడు తాతయ్య, గడియారం మీంచి తలెత్తకుండా. "రేపు వీళ్ళిద్దరికీ చెడితే, నీ మిషను ఈ మూల ఉండాలని ఎవరు అడుగుతారు?"

తప్పు చేసినందుకు కాదు ఆవిడ బాధ. తప్పులు అందరికీ పడతాయి, ఎన్నో చూసింది. ఆరుసార్లు పెట్టినా చెయ్యి ఒక్కసారి కూడా తడుముకోలేదే, నా చోటు ఇది కాదేమోనని ఆగలేదే అన్నదే మింగుడుపడటం లేదు. తన చోటేదో తనకంటే చేతికే బాగా తెలిసినట్టుంది. అలాంటప్పుడు చేతి మాటే విందాం అనుకుని పెన్ను పేరు మీద ఆనించింది.

సరిగ్గా అప్పుడే బుగ్గ బూరెలా వాచి, నోట్లో దూది కుక్కుకుని రెండువేళ్ళాయన వచ్చాడు. మూడూ పది. ఆయన మాట్లాడకూడదు. జెరాక్సమ్మ ఇద్దరి తరఫునా మాట్లాడి సంగతంతా చెప్పింది. ఆయన విని, అమ్మమ్మ చేతిలోంచి పెన్ను లాక్కుని, పాడైపోయిన నకలు ఒకటి వెనక్కి తిప్పి రాశాడు: "నీది కొడితే నాదీ కొట్టు."

"అమ్మో, అప్పుడు నేనొక్కదాన్నేగా!" అంది జెరాక్సమ్మ. "నాలో నేనే పోట్లాడుకోవాలా?"

"అన్నయ్యా, మొండిగా ఉండకు. టైముందా?"

ఆయన వెళ్ళి తన మిషను ముందు కూర్చుని, మూడు కాగితాల మధ్య రెండు కార్బన్లు పెట్టి ఎక్కించి, సంతకాల పేజీ టైపు చేయడం మొదలుపెట్టాడు. టక్. కాసేపటికి ఇంకో టక్. అక్షరం వెతుక్కుని మళ్ళీ టక్. అమ్మమ్మ ఓపిక పట్టింది. పళ్ళు కొరుక్కుంది. మొదటి వరస సగానికి వచ్చేసరికి ఇక ఆవిడ వల్ల కాలేదు.

"లే అన్నయ్యా లే! నాలుగింటికి కాదు, నువ్వు నాలుగో తారీఖుకి కూడా ఇవ్వలేవు!"

బుగ్గ నొప్పితోనే ఆయన నవ్వాడు. ఆవిడ తన మూలకు పోయి కాగితం ఎక్కించింది. ఇక వినాలి ఆ చప్పుడు. రేకు మీద వడగళ్ళు పడ్డట్టు. మధ్యలో ఒక్కసారి ఆగింది, ఒక్కసారే, మొదటి వరసలో తన పేరు వచ్చినప్పుడు. నిన్న చూసుకోకుండా దాటేసిన పేరది, ఈసారి ఒకటికి రెండుసార్లు చూసుకుంది.

మూడూ నలభైకి పేజీలు సిద్ధమయ్యాయి. ఈసారి మొదట ఆవిడే రాయాలన్నారు. ఊరు రాసింది. వృత్తి దగ్గర "టైపు" అని రాసింది. పెన్ను ఎత్తింది. చెయ్యి మళ్ళీ ఎడమవైపు కిందికి జరగబోయింది. రెండువేళ్ళాయన సాక్షి గడి మీద తన అరచెయ్యి వెడల్పుగా పరిచి కప్పేశాడు. ఆవిడ ఆయన చేతిని చూసి, ముక్కు ఎగబీల్చి, తన పేరు పక్కన సంతకం పెట్టింది. ఆరుసార్లూ ఆయన చెయ్యి తీయలేదు. తర్వాత ఆయనా, జెరాక్సమ్మా రాశారు.

"సాక్షి?" అంది జెరాక్సమ్మ.

అందరూ తాతయ్యను చూశారు. ఆయన కంటికి గడియారాల భూతద్దం ఇంకా అలాగే ఉంది.

"ఏవండీ, మేం ముగ్గురం పెట్టడం చూశారా?" ఆవిడ గొంతు ఆఫీసు గొంతు అయిపోయింది.

"చూశాను."

"పెన్ను కాగితానికి తగలడం చూశారా?"

"సిరా ఆరడం కూడా చూశాను. నలభై ఏళ్ళ నుంచి నా పనే అదిగా, నువ్వు చేసేది చూస్తూ కూర్చోవడం. దానికి సంతకం కూడా పెట్టొచ్చని ఇవాళే తెలిసింది."

"మాటలు తర్వాత. వృత్తి దగ్గర రాయండి."

"ఏమని, చూడటం అనా?"

"గడియారాలని రాయండి, టైమైపోతోంది!"

మూడూ యాభై రెండుకు కిటికీ దగ్గర ఉన్నారు. గోడ గడియారం బాగుచేసింది తాతయ్యే, కాబట్టి అది తప్పనడానికి ఎవరికీ వీల్లేదు. కొర్రీలాయన స్కేలు తీసి, మొదటి వరస నుంచి మొదలుపెట్టాడు. ఒక్క వరస వదల్లేదు. జెరాక్సమ్మ కొంగు నోట్లో పెట్టుకుంది. చివరి పేజీ. స్కేలు ఆవిడ పేరు కింద కాస్త ఎక్కువసేపు ఆగింది. తర్వాత ఎడమవైపు కిందికి దిగింది.

"మిషనమ్మగారూ, ఇక్కడ మీ సంతకం లేకపోతే పేజీ బోసిగా ఉందండీ," అని ముద్ర వేశాడు.

చోటు వాళ్ళకే దక్కింది. తర్వాత చేతికొచ్చిన కంపెనీ పత్రానికి అద్దం కట్టించి, ఆవిడ మిషను పైన, కప్పు బాగా కిందికి దిగిన చోట తగిలించారు. రోజుకు ఒకసారైనా ఆవిడ లేచేటప్పుడు నెత్తికి తగులుతుంది. పక్కకు మారుస్తామంటే ఒప్పుకోదు. కంప్యూటర్ల సెంటరువాళ్ళు ఈమధ్య కొత్త కంపెనీ ఒకటి పెట్టుకుంటూ మళ్ళీ ఆవిడ దగ్గరికే వచ్చారు. పోట్లాడుకోవడానికి కుర్చీలు చూపించింది.

ఇదంతా రాసి, లెక్కల్లో తప్పి పదో తరగతితో బడి మానేసిన నా చేతిరాతతోనే, ఒక ఆదివారం తీసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని, ప్రతి వరస కింద స్కేలు పెట్టి చదివింది. నాలుగుచోట్ల పెన్సిల్‌తో గీత గీసింది. రెండువేళ్ళాయన అరచెయ్యి దగ్గర కాసేపు స్కేలు కదల్లేదు. అయ్యాక నేను ఆఖరి పేజీలో ఎడమవైపు కింద ఒక గడి గీసి, "ఇదంతా నిజమని సాక్షి సంతకం పెట్టు అమ్మమ్మా" అన్నాను.

ఆవిడ కాగితాలు మళ్ళీ మొదటి పేజీకి తిప్పి, నా ఒళ్ళో పడేసింది.

"సూర్యుడూ చంద్రుడూ సంతకం పెట్టడం నేను చూళ్ళేదే. పెట్టను, ఫో."